మా వాడిని ఈ సీజన్ రెడ్‌షర్ట్ అవ్వమంటున్నారు, ఒప్పుకోమనాలా వద్దా?

కొలంబస్ నాన్న:

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా ఉంటే ఏమీ అనుకోకండి.

మేం ఒహాయోలో ఉంటాం, సొంతూరు తెనాలి దగ్గర పల్లె. మా వాడికి ఈమధ్యే 18 నిండాయి. 6 అడుగుల 6 అంగుళాలు, బరువు 182 పౌండ్లు. మనిషి తాటిచెట్టులా ఎదిగాడు గానీ ఒంట్లో ఇంకా కండ పట్టలేదు. ఈ 2025 ఆగస్టులో డివిజన్ 1లో, అంటే ఇక్కడి కాలేజీ ఆటల్లో పై స్థాయిలో ఆడే ఒక చిన్న కాలేజీలో బాస్కెట్‌బాల్ ఫుల్ స్కాలర్‌షిప్ మీద చేరాడు. కాలేజీ పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

పోయిన మంగళవారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా "అమ్మ ఏం వండింది" అని మొదలుపెట్టేవాడు, ఆ రోజు మాత్రం "నాన్నా, ఇంట్లో ఉన్నావా, బయట ఉన్నావా" అని అడిగాడు. ఆఫీసు పార్కింగులో కార్లో ఉన్నానంటే "అయితే సరే" అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. ప్రాక్టీసు అయ్యాక హెడ్ కోచ్ గదిలోకి పిలిచి, ఈ ఏడాది రెడ్‌షర్ట్ అయితే, అంటే జట్టుతో ప్రాక్టీసు మాత్రం చేసి మ్యాచ్‌లు ఆడకుండా ఆ సీజన్ మిగుల్చుకుంటే, ఎలా ఉంటుందో ఆలోచించుకో అన్నారట. బలవంతం ఏమీ లేదు, ఆడతానంటే ఆడే జట్టులోనే ఉంచుతాం, కానీ నీ స్థానంలో ఇద్దరు సీనియర్లు ఉన్నారు, మ్యాచ్‌కి నాలుగైదు నిమిషాలకు మించి దొరకదు, కొన్ని మ్యాచ్‌ల్లో అసలు దొరక్కపోవచ్చు అన్నారట. నవంబర్ 3న సీజన్ మొదలు, ఈలోపు ఏదో ఒకటి చెప్పాలి.

కోచ్ చెప్పింది నాకు అర్థమైంది. కానీ వాడి గొంతు విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్లుగా మా శని ఆదివారాలన్నీ ఈ ఆటకే పోయాయి, ఇండియానా అనీ కెంటకీ అనీ తెల్లవారకముందే బయల్దేరి హైవే మీదే ఇడ్లీలు తిన్న రోజులు ఎన్నో. మా ఆవిడ "ఆడించడానికి తీసుకెళ్లి కూర్చోబెట్టడమేమిటి" అని ఒకటే బాధ. తెనాలిలో మా నాన్నగారు మనవడి మ్యాచ్ చూడాలని మా తమ్ముడి చేత ఫోన్లో యాప్ పెట్టించుకున్నారు. ఇక్కడ రాత్రి 7 గంటల మ్యాచ్ అంటే అక్కడ పొద్దున్న అయిదున్నర. ఆయనకి ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి "అంటే లాంగ్ టర్మా?" అన్నారు. అవునో కాదో నాకూ తెలియలేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. స్కాలర్‌షిప్‌కి ఇబ్బంది వస్తుందా? చదువు ఏడాది వెనకబడుతుందా? ఏడాదంతా మ్యాచ్ ఆడకుండా కూర్చుంటే పిల్లవాడి మనసు ఏమవుతుంది? అన్నిటికంటే ముఖ్యంగా, కోచ్ ఇది వాడి మంచి కోసం అంటున్నాడా, లేక వాడి మీద ఆశ వదులుకుని మర్యాదగా చెబుతున్నాడా, అది ఎలా తెలుసుకోవాలి?

హూప్స్ శ్రీను:

కొలంబస్ నాన్న గారూ, ముందు మీ నాన్నగారి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది. లాంగ్ టర్మ్‌తో పోలిక సగమే కుదురుతుంది. లాంగ్ టర్మ్ అంటే సీటు రాలేదు కాబట్టి మళ్లీ ఏడాది కోచింగ్. మీ వాడికి సీటు వచ్చేసింది, స్కాలర్‌షిప్ వచ్చేసింది, క్లాసులూ క్రెడిట్లూ అందరితో పాటే నడుస్తాయి. ఆగేది ఒక్కటే, మ్యాచ్‌లు. మిగతా సగం పోలిక మాత్రం నిజం. ఒక ఏడాది ఎవరికీ కనపడకుండా కూర్చుని తయారవ్వాలి.

ఈ 2025-26 సీజన్‌కి ఉన్న రూల్ ఇదీ. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) డివిజన్ 1లో ఫుల్‌టైమ్ విద్యార్థిగా చేరినప్పటి నుంచి 5 ఏళ్లు లెక్క మొదలవుతుంది, ఆ 5 ఏళ్లలో 4 సీజన్లు ఆడొచ్చు. ఆ మిగిలిన ఏడాదే రెడ్‌షర్ట్. జట్టుతో ప్రాక్టీసు చేయొచ్చు, వెయిట్ రూమ్, ట్రైనర్లు, భోజనం, ట్యూటర్లు అన్నీ ఉంటాయి, మ్యాచ్‌లో మాత్రం దిగకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2018 నుంచి 4 మ్యాచ్‌ల దాకా ఆడినా రెడ్‌షర్ట్ నిలుస్తుంది, అది చూసి చాలామంది బాస్కెట్‌బాల్‌లో కూడా అంతే అనుకుంటారు. కాదు. ఇక్కడ ఆఖరి నిమిషంలో ఒక్క క్షణం దిగినా ఆ సీజన్ ఆడినట్టే. దెబ్బ తగిలితే వేరే దారి ఉంది, సీజన్ మొదటి సగంలో తగిలి ఉండాలి, 30 శాతానికి మించి మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు, మళ్లీ ఆ సీజన్‌లో ఆడలేని పరిస్థితి అయి ఉండాలి, అప్పుడు కాలేజీ దరఖాస్తు పెడుతుంది. మీ వాడిది అది కాదు కాబట్టి వదిలేద్దాం.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1937లో నెబ్రాస్కా యూనివర్సిటీలో వారెన్ ఆల్ఫ్‌సన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, ఈ ఏడాది ప్రాక్టీసు మాత్రం చేస్తాను, మ్యాచ్‌లు ఆడను అని తనే అడిగి నంబర్ లేని ఎర్ర చొక్కా వేసుకున్నాడని చెప్పుకుంటారు. చూడండి, మొదట్లో అది ఆటగాడు తనంతట తాను అడిగింది.

ఇక కెల్లీ ఒలినిక్ సంగతి చెప్పకుండా ఉండలేను. కెనడా కుర్రాడు, 7 అడుగుల మనిషి, స్కూల్లో ఉండగా ఒక్కసారిగా పొడుగు సాగక ముందు గార్డ్‌గా, అంటే బంతి నడిపించే స్థానంలో ఆడినవాడు. 2009లో గొంజాగా యూనివర్సిటీలో చేరాడు. మొదటి ఏడాది సగటున 3.8 పాయింట్లు, రెండో ఏడాది 5.8. మూడో ఏడు వచ్చేసరికి రాబర్ట్ సాక్రే అనే సీనియర్ సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు మనిషి) ముందున్నాడు. ఒలినిక్ అప్పుడు, అంటే రెండేళ్లు ఆడేశాక, 2011-12 సీజన్ మొత్తం రెడ్‌షర్ట్ తీసుకున్నాడు. ఇది కొత్తగా చేరినవాడు కూర్చోవడం కంటే చాలా కష్టం, నిన్నటి దాకా ఆడినవాడు ఇవాళ వార్మప్ దుస్తుల్లో బెంచి మీద కూర్చోవాలి కదా. ఆ ఏడాదంతా ఒళ్లు కట్టుదిట్టం చేసుకోవడం మీద, పాదాల కదలిక మీద, బాస్కెట్ దగ్గర తోపులాటలో నిలబడడం మీద పని చేశాడు. 2012-13లో తిరిగొచ్చి సగటున 17.8 పాయింట్లు, 7.3 రీబౌండ్లు. వాళ్ల కాన్ఫరెన్స్‌లో, అంటే వాళ్లు ఆడే కాలేజీల లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అయ్యాడు, దేశం మొత్తానికి ఎంచిన మొదటి అయిదుగురిలో ఒకడయ్యాడు. గొంజాగా చరిత్రలో మొదటిసారి నంబర్ 1 ర్యాంకు వచ్చింది ఆ సీజన్‌లోనే. ఆ జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట, 13వ స్థానంలో వెళ్లాడు.

ఇది చెప్పింది మీ వాడు ఎన్‌బీఏకి వెళ్తాడని కాదు. ఒలినిక్ ఆ ఏడాదిలో ఏం మార్చుకోవాలో ముందే తెలుసుకుని కూర్చున్నాడు. మీ వాడి కోచ్‌ని కూడా అదే అడగండి: "వచ్చే అక్టోబర్‌కి మా వాడిలో ఏ మూడు విషయాలు మారి ఉండాలి? దానికి వారం వారం ఏం చేయిస్తారు?" ఆశ ఉన్న కోచ్ అయితే వెంటనే చెబుతాడు, బరువు ఎంత, ఏ డిఫెన్స్, ఏ షాట్, ఏ అసిస్టెంట్ కోచ్ చూస్తాడు అని పేరుతో సహా. "ఊరికే ఇంకాస్త ఎదుగుతాడు" అంటే మాత్రం జాగ్రత్తపడండి. మీ ఆఖరి ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు అదే.

స్కాలర్‌షిప్ గురించి: రెడ్‌షర్ట్ అయినా అది అలాగే ఉంటుంది. ఇచ్చిన కాలంలో, ఆట బాగోలేదనో ఆడలేదనో తగ్గించడానికి వీల్లేదు. కాకపోతే చాలాచోట్ల ఏడాదికి ఏడాది రెన్యూ చేస్తారు, జూలై 1 లోపు రాతపూర్వకంగా చెప్పాలి. మీ వాడి కాగితంలో ఒక ఏడాదా, నాలుగేళ్లా అన్నది ఇవాళే తీసి చూడండి.

ఫిఫ్త్ ఇయర్:

అంకుల్, నేను డివిజన్ 2లో ఆడాను, మొదటి ఏడాది రెడ్‌షర్ట్. మీరు "మనసు ఏమవుతుంది" అని అడిగారు కాబట్టి ఆ ఒక్కదాని గురించి రాస్తాను.

ప్రాక్టీసు రోజులు కష్టం కాదు. నిజం చెప్పాలంటే అవి బాగుంటాయి. రెడ్‌షర్ట్ వాళ్లు ఎక్కువగా స్కౌట్ టీమ్‌లో ఉంటారు, అంటే వచ్చే మ్యాచ్‌లో ఎదుటి జట్టు ఎలా ఆడుతుందో అలా ఆడి మనవాళ్లకి చూపించాలి. ఒక వారం నాకు ఎదుటి జట్టు పాయింట్ గార్డ్ పాత్ర ఇచ్చారు, ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం. ఆమె నంబరున్న పసుపుపచ్చ బనీను నా చేతికిచ్చి, ఈ నాలుగు రోజులూ కుడిచేత్తో డ్రిబుల్ చేస్తే ఒప్పుకోను అన్నారు అసిస్టెంట్ కోచ్. మొదటి రోజు బంతి నా కాళ్లకే తగిలి పోయింది. నాలుగో రోజుకి ఎడమచేత్తో లేఅప్ (బాస్కెట్ దగ్గరికి దూసుకెళ్లి వేసే షాట్) వేయడం వచ్చింది, అప్పటిదాకా నా ఆటలో అది లేనే లేదు. తర్వాత నేను ఆడిన నాలుగేళ్లలో నా పాయింట్లలో సగం ఎడమవైపు నుంచే వచ్చాయేమో.

విలనోవా యూనివర్సిటీలో డాంటే డివిన్‌చెంజో కథ అప్పుడు నాకు చాలా ధైర్యం ఇచ్చింది. 2015-16లో పాదం విరిగి రెడ్‌షర్ట్ అయ్యాడు. కోలుకున్నాక మ్యాచ్‌లు ఆడటానికి లేదు గానీ ప్రాక్టీసు చేసేవాడు. ఫైనల్ ఫోర్‌లో, అంటే జాతీయ టోర్నీ ఆఖరి నాలుగు జట్ల దశలో, ఓక్లహోమాతో మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసులో వాళ్ల స్టార్ ఆటగాడు బడ్డీ హీల్డ్ పాత్ర ఇతనే వేశాడు, దూరం నుంచి షాట్ల మీద షాట్లు వేసి తమ జట్టునే నానా తిప్పలు పెట్టాడట. అసలు మ్యాచ్‌లో హీల్డ్‌ని విలనోవా 9 పాయింట్లకే కట్టేసింది, 95-51తో గెలిచింది, ఆ తర్వాత టైటిల్ కూడా గెలిచింది. ఆ గెలుపు లెక్కల్లో డివిన్‌చెంజో పేరు ఉండదు. రెండేళ్ల తర్వాత 2018 ఫైనల్‌లో మిషిగన్ మీద బెంచి నుంచి లేచొచ్చి 31 పాయింట్లు కొట్టి ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

కష్టమంతా మ్యాచ్ రోజులది అంకుల్. ముఖ్యంగా జట్టు వేరే ఊరు వెళ్లే రోజులు. మా కాలేజీలో ఖర్చు మిగల్చడానికి రెడ్‌షర్ట్ వాళ్లని ప్రయాణాలకి తీసుకెళ్లేవారు కాదు. గురువారం మధ్యాహ్నం జిమ్ వెనక బస్సు ఆగి ఉండేది, అందరూ బ్యాగులు పైకెత్తుతుంటే నేనూ సాయం చేసేదాన్ని, బస్సు మలుపు తిరిగాక లోపలికొచ్చి ఒక్కదాన్నే షూటింగ్ మెషీన్ ముందు నిలబడేదాన్ని. జిమ్‌లో సగం లైట్లే వేసి ఉండేవి. మెషీన్ బంతిని తిరిగి విసిరే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అలాంటి ఒక రోజు అమ్మ ఫోన్ చేసి "ఇవాళ మ్యాచ్ ఉందిగా, నువ్వెక్కడున్నావ్" అంటే చెప్పలేక పెట్టేశాను. జనవరి, ఫిబ్రవరి నెలలు చాలా భారంగా గడిచాయి. అప్పటికి సీజన్ మొదట్లో ఉండే ఉత్సాహం పోతుంది, చలి, చీకటి, ఎందుకు లేస్తున్నామో తెలియకుండా పొద్దున్న 6 గంటలకి వెయిట్స్.

నన్ను నిలబెట్టింది ఒక చిన్న నోటుపుస్తకం. రోజూ ఎన్ని షాట్లు వేశాను, ఎన్ని పడ్డాయి, స్క్వాట్ ఎంత ఎత్తాను అని రాసుకునేదాన్ని. మ్యాచ్‌లు ఆడేవాళ్లకి స్కోరు షీటు ఉంటుంది, మనకి ఏమీ ఉండదు, కాబట్టి మన లెక్క మనమే రాసుకోవాలి. ఇంకొకటి, మా నాన్న మొదట్లో బంధువులకి చెప్పడానికి సిగ్గుపడ్డారు. "దెబ్బ తగిలింది, అందుకే ఆడటం లేదు" అని ఒక పెళ్లిలో ఎవరితోనో అనడం విన్నాను. ఆ మాట నాకు బెంచి మీద కూర్చోవడం కంటే ఎక్కువ గుచ్చుకుంది. దయచేసి మీరు అలా చేయకండి. మీ నాన్నగారికి నిజం చెప్పారు చూడండి, అదే మంచి పని.

చదువు సంగతి కూడా ఒక మాట. నేను నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి చేసి అయిదో ఏడు అకౌంటింగ్ మాస్టర్స్‌లో చేరాను, ఇంకో సీజన్ మిగిలే ఉంది కాబట్టి సగం ఫీజు స్కాలర్‌షిప్‌లో పోయింది. వెనకబడటం కాదు, ఒక డిగ్రీ ఎక్కువొచ్చింది.

డాలస్ బాబాయ్:

పై ఇద్దరూ మంచి చెప్పారు, నేను రెండో వైపు చెప్పకపోతే తప్పవుతుంది. మా అన్నయ్య కొడుకు విషయంలో జరిగింది, కాలేజీ పేరు వద్దు.

వాడూ మొదటి ఏడాది రెడ్‌షర్ట్‌కి ఒప్పుకున్నాడు. నవంబర్, డిసెంబర్, జనవరి గడిచిపోయాయి. ఫిబ్రవరిలో ఒకే వారంలో ఇద్దరు గార్డులకి దెబ్బలు తగిలాయి, కోచ్ పిలిచి "జట్టుకి నీ అవసరం ఉంది" అన్నాడు. 18 ఏళ్ల పిల్లవాడు కాదంటాడా? దిగాడు. మిగిలిన మ్యాచ్‌లన్నీ కలిపి 40 నిమిషాలు కూడా ఆడలేదు, ఆ సీజన్ మాత్రం పూర్తిగా ఖర్చయిపోయింది. ఏప్రిల్‌లో ఆ కోచ్ పెద్ద కాలేజీకి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) నుంచి నలుగురిని తెచ్చుకున్నాడు, అందరూ 22, 23 ఏళ్లవాళ్లు. వీడు కూడా పోర్టల్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఏ కోచ్ అయినా మొదట అడిగేది మ్యాచ్ వీడియో. వీడి దగ్గర చూపించడానికి ఏముంది? ప్రాక్టీసులో ఎంత బాగా ఆడినా అది గోడల మధ్యే ఉండిపోయింది. చివరికి ఇక్కడి రెండేళ్ల జూనియర్ కాలేజీకి వెళ్లాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు గానీ, ఆ వేసవి మా ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

శ్రీను గారు చెప్పిన ఒలినిక్ రోజులు వేరు. అప్పుడు ట్రాన్స్‌ఫర్ అయితే ఏడాది కూర్చోవాల్సి వచ్చేది, కాబట్టి కోచ్‌లు తమ పిల్లల్నే ఓపిగ్గా పెంచుకునేవారు. 2021 నుంచి ఒకసారి కూర్చోకుండా మారొచ్చన్నారు, 2024 నుంచి ఎన్నిసార్లయినా మారొచ్చు. ఈ 2025 వసంతంలో పురుషుల డివిజన్ 1 బాస్కెట్‌బాల్‌లోనే 2 వేలకు పైగా ఆటగాళ్లు పోర్టల్‌లోకి వచ్చారు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు కూడా ఇస్తున్నాయి. ఇంత సంతలో, రెండేళ్ల తర్వాత పనికొస్తాడని ఒక సన్నటి కుర్రాడి కోసం ఎదురుచూసే కోచ్ ఎంతమంది ఉంటారు చెప్పండి. అయిదు నిమిషాలైనా సరే, మ్యాచ్‌లో దిగితే వాడు ఆడగలడని నలుగురికీ కనపడుతుంది. నేనైతే ఆడమంటాను.

కొలంబస్ నాన్న:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. డాలస్ బాబాయ్ గారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. ఫిఫ్త్ ఇయర్ అమ్మా, బంధువుల మాట రాశావు చూడు, నిజంగా నిన్న రాత్రే మా బావమరిదికి "మడమ కొంచెం నొప్పిగా ఉందట" అని చెప్పబోయి ఆగాను. ఇక చెప్పను.

కాగితం తీసి చూశాను. స్కాలర్‌షిప్ ఏడాదికే ఉంది, ప్రతి ఏడూ రెన్యూ చేయాలి. వాడి ముందున్న ఇద్దరు సీనియర్లకీ ఇదే ఆఖరి సీజన్, వచ్చే ఏడాది ఇద్దరూ వెళ్లిపోతారు. కోచ్‌కి ఇది రెండో ఏడు. ఈ ఆదివారం కోచ్‌తో ఫోన్లో మాట్లాడదామని వాడే అడిగాడు, నేనూ వాళ్లమ్మా లైన్లో ఉంటాం. ఏమేం అడగాలి?

హూప్స్ శ్రీను:

డాలస్ బాబాయ్ గారు చెప్పిన ప్రతి మాటా నిజం, నేను కాదనను. ఆ ఫిబ్రవరి దెబ్బే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. రెడ్‌షర్ట్ అంటే ముందే ఎక్కడో సంతకం పెట్టి మూసేసే తలుపు కాదు, మ్యాచ్‌లో దిగనంత కాలం ఉంటుంది, దిగిన క్షణం పోతుంది. కాబట్టి కోచ్‌ని సూటిగా అడగండి: "జనవరి దాటాక ఎవరికైనా దెబ్బ తగిలితే మా వాడిని దించుతారా?" వాడితో కూడా ముందే అనుకోండి, ఆ రోజు పిలిస్తే ఏం చెప్పాలో. అది వాడి సీజన్, వద్దనే హక్కు వాడికి ఉంది, కానీ అప్పటికప్పుడు పెద్దాయన ముందు నిలబడి చెప్పడం ఏ పిల్లవాడికీ రాదు.

రెండోది, బయటి ఊళ్ల మ్యాచ్‌లకి తీసుకెళ్తారా లేదా. ఫిఫ్త్ ఇయర్ గారు రాసిన ఆ బస్సు సంగతి చదివాక ఇది చిన్న విషయం కాదనిపిస్తోంది. మూడోది, ప్రాక్టీసు వీడియో. చాలా కాలేజీలు ప్రాక్టీసు మొత్తం రికార్డు చేస్తాయి, వాడివి నెలకోసారి కత్తిరించి ఇస్తారేమో అడగండి, రేపు పోర్టల్‌లోకి వెళ్లాల్సి వస్తే ఉత్త చేతులతో నిలబడకుండా ఉంటాడు. నాలుగోది కోచ్‌ని కాదు, కాలేజీలో రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసుని అడగాలి. ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో గానీ ఇంకే మ్యాచ్‌లో గానీ దిగే ముందు అది లెక్కలోకి వస్తుందో రాదో మెయిల్‌లో రాయించుకోండి. అర్హత నిబంధనల మీద ఈ 2025లో కోర్టు కేసులు నడుస్తున్నాయి, 5 ఏళ్లలో 5 సీజన్లూ ఆడనివ్వాలన్న మాట కూడా గట్టిగానే వినపడుతోంది, అదే వస్తే ఇప్పుడు కూర్చున్న ఏడాదికి విలువ తగ్గుతుంది. దాని గురించీ అడగండి.

చదువులో ఒక లెక్క గుర్తుంచుకోండి. డివిజన్ 1లో మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, అయిదో ఏటికి 80 శాతం పూర్తయి ఉండాలి. రెడ్‌షర్ట్ అయినా దీని నుంచి మినహాయింపు లేదు. పైగా ఈ ఏడాది ప్రయాణాలు తక్కువ కాబట్టి కష్టమైన సబ్జెక్టులు ఇప్పుడే పెట్టుకుంటే మంచిది.

మీరు సీనియర్లిద్దరూ వెళ్లిపోతారన్నారు చూడండి, నాకు అందులో చాలా ఆశ కనిపిస్తోంది. మికాల్ బ్రిడ్జెస్ కూడా మీ వాడి ఎత్తే, అలాగే సన్నగా విలనోవాలో చేరి 2014-15 మొత్తం రెడ్‌షర్ట్ అయ్యాడు. తర్వాత ఆడినవి మూడే సీజన్లు, అందులో రెండు జాతీయ టైటిళ్లు, చివరి ఏడాది సగటు 17.7 పాయింట్లు, డ్రాఫ్ట్‌లో 10వ స్థానం. ఎన్‌బీఏకి వచ్చాక ఏళ్ల తరబడి ఒక్క మ్యాచ్ కూడా తప్పిపోలేదంటే ఆ శరీరం ఎంత గట్టిగా కట్టుకున్నాడో చూడండి.

డాలస్ బాబాయ్:

సీనియర్లు వెళ్లిపోతారంటే నా మాట కొంచెం మార్చుకుంటాను. కానీ ఒకటి చేయండి. మీరు ముగ్గురూ కోచ్‌తో మాట్లాడాక, ఫోన్ పెట్టేసి, ఏమీ చెప్పకుండా వాడినే అడగండి "నీకేం కావాలి" అని. మేం ఆ రోజు మా వాడిని అడగలేదు. కోచ్ మంచివాడు, మంచే చెబుతాడు అని పెద్దవాళ్లమే తేల్చేశాం.

కొలంబస్ నాన్న:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఆదివారం మాట్లాడాం. కోచ్ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. మూడు విషయాలు అడిగితే రెండే చెప్పారు, కానీ వివరంగా చెప్పారు. వచ్చే ఆగస్టుకి 200 పౌండ్లు దాటాలి, ఎదుటివాడు భుజంతో నెట్టినా చోటు వదలకుండా డిఫెన్స్ చేయగలగాలి. షాట్ మార్చే పని లేదట, అది బాగానే ఉందట. బయటి మ్యాచ్‌లకి తీసుకెళ్తామన్నారు. జనవరి దాటాక వాడు ఒప్పుకోకుండా దించనన్నారు. స్కాలర్‌షిప్ రెండేళ్లకి రాసివ్వమంటే మాత్రం అది తన చేతిలో లేదన్నారు, అక్కడ మాకు కొంచెం బాధ కలిగింది.

ఫోన్ పెట్టేశాక డాలస్ బాబాయ్ గారు చెప్పినట్టే వాడిని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాన్నా, ప్రాక్టీసులో ఆ సీనియర్ నన్ను ఒక్క భుజంతో నెట్టేస్తాడు, నేను రెండడుగులు వెనక్కి వెళ్లిపోతున్నాను, మ్యాచ్‌లో అయిదు నిమిషాలు దిగినా అయిదు నిమిషాలూ అదే జరుగుతుంది. నేను కూర్చుంటాను" అన్నాడు. వాళ్లమ్మ ఏడ్చింది గానీ, వాడి గొంతు మంగళవారం నాటిలా లేదని తనే చెప్పింది.

మొదటి హోమ్ మ్యాచ్‌కి ఇద్దరం వెళ్లాం. బెంచికి ఆ చివర వార్మప్ దుస్తుల్లో కూర్చున్నాడు. టైమ్ అవుట్ పిలిచినప్పుడల్లా అందరికంటే ముందు లేచి వాడే ఎదురెళ్తున్నాడు. మధ్యలో ఒకసారి, తనని నెట్టేసే ఆ సీనియరే చెమటలు కక్కుతూ వచ్చి కూర్చుంటే వాడు వంగి నీళ్ల సీసా ఇచ్చి చెవిలో ఏదో చెప్పాడు, ఆయన తలూపాడు. ఏం చెప్పావురా అని తర్వాత అడిగితే, ఎదుటి ఫార్వర్డ్ ఎప్పుడూ ఎడమ భుజం మీదుగానే తిరుగుతున్నాడని చెప్పాడట. ఇప్పుడు బరువు 187. ఫిఫ్త్ ఇయర్ అమ్మా, నీ మాట చెబితే నోటుపుస్తకం కొనుక్కున్నాడు.

ఆ రాత్రి కార్లో తిరిగొస్తుంటే తెనాలి నుంచి మా నాన్నగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అయిదున్నరకే లేచి చూశాను. వాడు నీళ్లందిస్తుంటే రెండుసార్లు కనపడ్డాడు. కాస్త నిటారుగా కూర్చోమను, నడుం వంచుతున్నాడు. మళ్లీ మ్యాచ్ ఎప్పుడో రాసి పంపించు."